బండగుట్టల రంగులు

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు బాటలో కనబడు బండగుట్టలను కొండలనుటకు కొందఱు సంకోచింతురు గాని, వర్ణచిత్రము వ్రాయబూనినవానికి అవి హిమాలయములకంటె సులభములేమియు గావు. రమారమి 250 కోట్ల యేండ్లనాటి యీ గ్రానైటు శిలలలో ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము కొన్నిచోట్ల గులాబిచాయను, మఱికొన్నిచోట్ల బూడిదవన్నెను దెచ్చుచున్నది. వాననీరు జాఱిన దారులు నల్లని చారలై నిలిచియున్నవి. ఇవన్నియు రాతి సొంతరంగులు. చిత్రమునకు భావము నిచ్చునది మాత్రము రాతిపై బడు వెలుగును, కొండకును కంటికిని నడుమనున్న గాలియు.

గాలి యణువులు నీలకాంతిని మిక్కిలిగా జెదరగొట్టును గావున, నడుమ గాలి యెంత యధికమైన దూరపుగొండ యంత నీలముగా దోచును. లియొనార్డో డావించి దీని కారణము నెఱుగకయే, కంటితో గనిపెట్టి తన వ్రాతలలో జెప్పెను. గుంటూరుజిల్లా తుమ్మపూడిలో 1914లో జన్మించిన రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్, యౌవనమున హిమాలయసీమలు తిరిగి, కులూలోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ ఆతిథ్యమును బొందెను. రోరిక్ పటములలోని శిఖరములు నీలలోహితములు. ఆయన వాడిన టెంపెరారంగు తళుకు లేక యెండును గావున, ఆ నీలిమ ఉపరితలమున మెఱయక లోనికి దిగినట్లుండి, చూపరిలో నొకవిధమగు వైరాగ్యమును బుట్టించును.

శామీర్‌పేట గుట్టలకా నీలిమను దెచ్చి పూయుట యబద్ధము. అవి మనకు చేరువ. నడుమ గాలి స్వల్పము. ఇచ్చట భావమంతయు నీడలోనే కలదు. సాయంకాలమున ఎండ సోకిన బండముఖము నారింజవన్నె దాల్చగా, ఎండ సోకని ప్రక్కకు నీలాకాశపు వెలుగొక్కటే దిక్కగుటచే అది యూదాచాయకు దిరుగును. నీడ యనగానే నల్లరంగు డబ్బీ దెఱచువారు రాతిని బొగ్గు చేయుదురు. నా మట్టుకు నేను అల్ట్రామెరైన్ నీలములో నించుక జేగురు కలిపిన మిశ్రమమునే మెచ్చుదును. మేనెల మధ్యాహ్నమున నీ నీడలును గుఱుచలై, రంగులు వెలసి, దృశ్యమంతయు నిస్సారమగును. చిత్రకారునకది కుంచె కడిగికొను వేళ.

వానకాలమున బండలసందున సీతాఫలపు పొదలు చిగిర్చినప్పుడు మఱియొక వింత జరుగును. ప్రక్కప్రక్కనున్న విరుద్ధవర్ణములు ఒండొంటిని తీక్ష్ణములుగా జేయునని ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రోల్ 1839లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆకుపచ్చని చెంత గులాబిరాయి మఱింత యెఱ్ఱనగును. దానికి వేఱుగా నెఱుపు పూయనక్కఱలేదు, ఆకునే సరిగా పూసిన జాలును. కంకరకై పగులగొట్టిన చోట బయటపడు కొత్తరాతికి తెల్లబూడిదవన్నెయే తగును. దానికి పాతబండ చాయ పూసినచో పటము చక్కగనే యుండునేమో కాని, గుట్ట మాత్రము ఆ గుట్ట గాదు.