ఓడలో నలుగురు పిల్లలు... నాలుగు లోకాలు!

‘అందాల రాముడు’ (1973) చూశారా? పోనీ, ‘గోదావరి’ (2006)? రెండింట్లోనూ కథ చాలావరకు భద్రాచలం వెళ్ళే లాంచీ మీదే. ముసలీ ముతకా, పిల్లా పీచూ, హీరో హీరోయినూ... అందరూ అక్కడే! ఎవరు ఎవరితో అలిగారో, ఎవరు ఎవర్ని దొంగచూపులు చూస్తున్నారో లాంచీ లాంచీకంతా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ లాంచీ దిగి, నాలుగు వేల మంది పట్టే ఓడ ఎక్కుదాం రండి. పేరు ‘డిస్నీ ఫ్యాంటసీ’. మిక్కీ మౌస్ వాళ్ళదే లెండి! సినిమాలు తీసుకునే ఆ కంపెనీ 1998లో ‘డిస్నీ మ్యాజిక్’ అనే ఓడతో సముద్రయానంలోకి దిగింది. ఈ ఫ్యాంటసీ 2012లో వచ్చింది. పొడవు 340 మీటర్లు. అంటే ఈ చివర తప్పిపోయిన పిల్లాణ్ణి ఆ చివర వెతుక్కోవాలన్నమాట!

మన కథలో తారాగణం ఇదీ అనుకోండి: అమెరికాలో ఉంటున్న అమ్మా నాన్నా, ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, 15 ఏళ్ళ అక్క, 11 ఏళ్ళ తమ్ముడు, 8 ఏళ్ళ చెల్లి, 2 ఏళ్ళ బుజ్జిగాడు. కరీబియన్ వైపు ఏడు రాత్రుల యాత్ర. “వారం రోజులూ అందరం ఒక్కచోటే” అన్నది నాన్నగారి స్క్రీన్‌ప్లే. ఓడెక్కిన మొదటి రోజే అది కాస్తా తారుమారు!

ఎందుకంటారా? ఈ ఓడలో పిల్లల్ని వయసుని బట్టి విడదీస్తారు. చెల్లిది ‘ఓషనీర్ క్లబ్’. మూడేళ్ళు నిండి, డైపర్ మానేసిన పిల్లల దగ్గర్నుంచి పదేళ్ళ వాళ్ళ దాకా అక్కడే. ‘టాయ్ స్టోరీ’ (1995)లో ఆండీ గది ఉంది చూశారూ, అది ఇక్కడ నిజంగానే కట్టేశారు. బొమ్మలన్నీ భారీ సైజు. పక్కన నిలబడితే మన పిల్లలే బొమ్మల్లా కనిపిస్తారు. తమ్ముడిది ‘ఎడ్జ్’. ఎక్కడుందో తెలుసా? ఓడ ముందువైపు పొగగొట్టం లోపల! ఇక అక్కది ‘వైబ్’. 14 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి. వాళ్ళకంటూ ఆరుబయట ప్రత్యేకంగా ఓ డెక్కు కూడా ఉంది. అమ్మా నాన్నలకి నో ఎంట్రీ! ఈ మూడింటికీ విడిగా డబ్బు కట్టక్కర్లేదు. బుజ్జిగాడి నర్సరీకి మాత్రం గంటల లెక్కన కట్టాలి.

వినడానికి బాగానే ఉంది కదూ? ఉంటుంది, తమ్ముడికీ చెల్లికీ తప్ప. ఇంట్లో ఒకళ్ళని విడిచి ఒకళ్ళు ఉండని జంట అది. ఆడినా కొట్టుకున్నా ఇద్దరూ కలిసే. ఇక్కడ మూడేళ్ళ తేడాకి మధ్యలో గోడ లేచింది. చెల్లి ముఖం ముడుచుకుని తలుపు దగ్గరే నిలబడుతుంది. తమ్ముడేమో పొగగొట్టంలో కొత్తవాళ్ళ మధ్య బిక్కమొహం! పెద్దవాళ్ళు ఏరికోరి డబ్బు పోసి కొన్న సరదా ఇదేనా అనిపిస్తుంది.

దీనికో ఉపాయం ఉంది. క్లబ్బులకి ‘ఓపెన్ హౌస్’ అని కొన్ని గంటలు కేటాయిస్తారు. అప్పుడు కుటుంబమంతా లోపలికి వెళ్ళొచ్చు. అన్నయ్య చెయ్యి పట్టుకుని చెల్లి ఆ గదంతా ఓసారి తిరిగిందంటే, మర్నాడు ఒంటరిగా వెళ్ళడానికి అంత బెంగ ఉండదు. అక్క సంగతి వేరు. ఆమెని మొదటి రాత్రే వైబ్‌కి పంపాలి. నాలుగో రోజుకల్లా అక్కడ జట్లు కట్టేసుకుంటారు. ఆ తర్వాత వెళ్ళిన పిల్ల గెస్ట్ ఆర్టిస్టే!

నీళ్ళ దగ్గర మరో పేచీ. డైపర్ వేసుకునే పిల్లల్ని ఈతకొలనులోకి దిగనివ్వరు. పాపం, బుజ్జిగాడు! అతని కోసం ‘ఫైండింగ్ నీమో’ (2003) బొమ్మలతో, చిమ్ముకునే నీళ్ళతో ‘నీమోస్ రీఫ్’ ఉంది. అక్కడ ఒక పెద్దమనిషి కాపలా ఉండక తప్పదు. ఆ వేషం సాధారణంగా నాన్నగారికే పడుతుంది. పై డెక్కు చుట్టూ తిరిగే గాజుగొట్టంలాంటి జారుడుబండ ‘ఆక్వాడక్’ ఎక్కాలంటే కనీసం 42 అంగుళాల ఎత్తుండాలి. చెల్లికి ఆ గండం దాటినట్టే. తమ్ముడూ తనూ కలిసి కేకలు పెట్టే చోటు దొరికింది!

మరి అందరూ ఒక్కచోటికి చేరేదెప్పుడు? మన దేశంలో అయినా వాళ్ళ దేశంలో అయినా రెండు చోట్లే. భోజనాల దగ్గర, సినిమా దగ్గర! సినిమా కరువు లేదు లెండి. ఓడలోనే బ్యూనా విస్టా థియేటర్ ఉంది. కొలను పైన పెద్ద తెర మీద ఆరుబయట బొమ్మ ఆడుతూనే ఉంటుంది. కానీ అసలు తమాషా భోజనాల దగ్గర. ‘యానిమేటర్స్ ప్యాలెట్’ అనే హోటల్లో ఒక రాత్రి బల్ల మీద ప్లేట్లకన్నా ముందు కాగితాలూ, రంగు కలాలూ పెడతారు. ఎవరికి వచ్చినట్టు వాళ్ళు ఒక బొమ్మ గీసివ్వాలి. భోజనం అయ్యేసరికి ఆ బొమ్మలన్నీ గోడల మీది తెరల్లో లేచి నడుస్తాయి, మిక్కీ పక్కన డాన్సు చేస్తాయి!

అక్క తన బొమ్మని సెల్‌లో పట్టుకోవాలని తొందరపడుతుంది. తమ్ముడూ చెల్లీ “అదుగో నాది, అదుగో నాది!” అని కుర్చీలెక్కుతారు. బుజ్జిగాడి పిచ్చిగీతలకీ కాళ్ళొస్తాయి. “నాకేం వచ్చురా బొమ్మలు” అంటూనే నాయనమ్మ గీసిన గుండ్రటి తలకాయ, సన్నటి చేతులు ఊపుకుంటూ తెర మీదికొస్తుంది.

“అదేనా నాది? కాస్త బొట్టు పెట్టాల్సిందర్రా!” అంటుంది నాయనమ్మ.