సంఘకాపరి విశ్రాంతి సంవత్సరము

'సబాటికల్' అను మాట కళాశాలల సిబ్బంది గదులలో తరచుగ వినబడును గాని, దాని పుట్టుక యెచ్చటనో విచారించువారు తక్కువ. హీబ్రూ భాషలో 'షబ్బాత్' అనగా పని చాలించుట. అరబ్బీలో అదియే 'సబ్త్'. ఖురానులో యూదుల విశ్రాంతిదినమునకు ఈ పదమే వాడబడినది. అరబ్బీలో నేటికిని శనివారము 'యౌముస్సబ్త్'. ఈ విశ్రాంతి మనుష్యులకు మాత్రమే కాదు, మట్టికి కూడ చెప్పబడినది. ఆరేండ్లు విత్తి కోసికొని, యేడవ యేట పొలమును దున్నక విడువవలెననియు, దానంతటది పండినది బీదలకును పశువులకును చెందవలెననియు తౌరాతు శాసనము. బైబిలునందు లేవీయకాండము 25వ అధ్యాయమున దీనిని చూడవచ్చును. మేడ్చల్ వైపు మెట్టరైతునకు ఈ సంగతి యెవరును నేర్పనక్కరలేదు. అతడు చేనిని పడావు పెట్టినప్పుడు చేను పాడైనదని యనుకొనడు. వచ్చు పంటకై సత్తువ కూడగట్టుకొనుచున్నదని యెరుగును.

ఈ ధర్మము విశ్వవిద్యాలయములకు వచ్చిన కథ మన దేశమునకు కొంత చుట్టరికము గలది. 1880లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్, జాన్స్ హాప్కిన్స్‌లో నుండిన చార్లెస్ లాన్మన్ అను పండితుని తన కొలువునకు రప్పింపదలచి, యేడవ యేట సగము జీతముతో సెలవు నిత్తునని ఆశ చూపెను. ఆ లాన్మన్ సంస్కృత పండితుడు! 1889లో ఆయన హిందూదేశము వచ్చి, వందలకొలది వ్రాతప్రతులను సేకరించి హార్వర్డ్‌కు చేర్చెను. తరువాత ఈ మర్యాద ఇతర విద్యాలయములకును, అటుపిమ్మట పాశ్చాత్య దేశములలోని క్రైస్తవ సంఘములకును ప్రాకినది. అచ్చటి పాస్టరు కొన్నేండ్లు సేవ చేసిన పిమ్మట మూడు నాలుగు మాసములు, ఒక్కొక్కచోట అంతకు మించియు, అధ్యయనమునకును ఆత్మ నవీకరణమునకును సెలవు పొందుట పరిపాటియైనది. అమెరికాలోని లిల్లీ ఎండోమెంట్ వంటి ధర్మనిధులు ఇందుకై సంఘములకే ధనసహాయము చేయుచున్నవి.

మన బొల్లారములో ఈ మాట యెట్లు వినబడును? ఇది దండు వెలసిన ఊరు. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ దేవాలయము ఇచ్చట కలదు. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన ముప్పదియారవ వివాహదినమున ఆ దేవాలయమునకు వచ్చినది. అదే బొల్లారమున, 1860లో కట్టబడి, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిదియై, నేడు రాష్ట్రపతి నిలయముగా నున్న భవనము కలదు. దేశాధిపతి యేటేట కొన్ని దినములు ఢిల్లీ విడిచి ఇచ్చట నుండుట గౌరవప్రదమైన ఆచారము. ఆ దారినే సైకిలుపైనో స్కూటరుపైనో పోవు అయ్యగారు రెండు మాసములు సెలవు కోరినచో మాత్రము "ఆయనకేమి అలసట? ఆదివారమొక్కటే గదా పని!" యను వారుందురు.

ఆ పని యెట్టిదో చెప్పవలసియున్నది. ప్రసంగము కంటికి కనబడు భాగము మాత్రమే. రోగి పడకచెంత కూర్చుండుట, అర్ధరాత్రి పిలుపునకు లేచి మరణించినవారి యింటికి పోవుట, అన్నదమ్ముల తగవులు తీర్చుట, పెండ్లి కాని పిల్లల తల్లిదండ్రుల దుఃఖము వినుట, సంఘపు లెక్కలు చూచుట, అటుపై ఆదివారమునకు క్రొత్త మాట సిద్ధపరచుకొనుట. పదిమంది దుఃఖము పోసికొను పాత్రను ఎప్పుడో యొకప్పుడు కడుగవలెను గదా. మసీదు ఇమాము, గుడి పూజారి స్థితియు దాదాపు ఇదియే. వారికి ఇట్టి సెలవు కావలెనన్న ఆలోచనయే మన సమాజమున ఇంకను పుట్టలేదు.

చదువుకై సెలవు తీసికొనిన పాదరి యుదాహరణ మన ఉర్దూ చరిత్రలోనే కలదు. హెన్రీ మార్టిన్ ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్‌గా 1806లో కలకత్తా చేరి, దానాపూరు, కాన్పూరు దండులలో సేవ చేసెను. మీర్జా ఫిత్రత్ తోడ్పాటుతో క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చెను. క్షయవ్యాధి ముదిరి, ఆరోగ్యమునకై సెలవు పొంది, 1811లో ఓడ యెక్కెను. అయితే ఆయన వెళ్లినది గాలి మార్పునకు మాత్రమే కాదు. తన పారశీ యనువాదము సరిగా లేదని విని, షీరాజు నగరమున ఇంచుమించు ఒక సంవత్సరము మీర్జా సయ్యద్ అలీతో కూర్చుండి దానిని క్రొత్తగా పూర్తిచేసెను. అచ్చటి ముస్లిము విద్వాంసులతో వాదములు జరిపెను, స్నేహములు చేసెను. పిదప విశ్రాంతి లేక గుఱ్ఱములపై స్వదేశమునకు బయలుదేరి, 1812 అక్టోబరులో తోకాత్‌లో ముప్పదియొకటవ యేట మరణించెను. ఆ సెలవు విద్యకు మిక్కిలి ఫలించినది, మనిషిని మాత్రము దక్కించలేదు. ఆయన పేరిట 1930లో లాహోరున వెలసిన విద్యాసంస్థ పలు ఊళ్లు మారి 1970వ దశకము మొదట హైదరాబాదు చేరినది. ఇస్లామును, అరబ్బీ ఉర్దూలను అచ్చట క్రైస్తవులు చదువుకొనుచుందురు.

దీనికి భిన్నమైనది ఇమాము గజాలీ చరిత్ర. 1095లో బాగ్దాదు నిజామియాలో ప్రఖ్యాత ఆచార్యుడై యుండగా, పాఠము చెప్పుటకు నాలుక రాక, అన్నము సహించక, వైద్యులు చేతులెత్తివేయగా, ఆయన పదవి విడిచి డెమాస్కస్, జెరూసలేము, మక్కా తిరిగెను. పోవుటకు ముందు కుటుంబ పోషణకు ఏర్పాటు చేసెను. తన పీఠమున తమ్ముడు అహ్మదును నిలిపెను. పదునొకండు సంవత్సరములకు, 1106లో, నైషాపూరున మరల బోధనకు వచ్చెను. కుటుంబమునకును పీఠమునకును ఏర్పాటు చేసి పోయిన ఈ పద్ధతి యందే, మా యభిప్రాయమున, పాస్టరు ప్రణాళికకు కావలసిన ముఖ్యాంశమున్నది.

ఏలయనగా మంచి ప్రణాళిక పాస్టరు ఎచ్చటికి పోవునని మాత్రమే చెప్పదు. ఆయన లేనప్పుడు సంఘము ఏమి చేయునో కూడ చెప్పును. ఎవరు బాప్తిస్మమిత్తురు? ప్రభురాత్రి భోజనము ఎవరు వడ్డింతురు? చావు సంభవించినచో ఎవరిని పిలువవలెను? దక్షిణ ఇండియా సంఘమున నొక పాస్టరు క్రింద పలు గ్రామసంఘములుండుట సామాన్యము. ఉపదేశి ప్రార్థన జరుపగలడు గాని, సంస్కారములకు అభిషేకము పొందిన గురువు కావలెను. పంచవర్ష ప్రణాళికల కాలమున యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను మా వంటి అధ్యాపకులను పరిశోధనకు పంపినప్పుడు, వారి స్థానమున పాఠము చెప్పువానికి కూడ జీతమిచ్చుచుండెను. ఆ యేర్పాటు లేకుండినచో ఏ యాజమాన్యమును ఎవరినీ కదలనిచ్చియుండెడిది కాదు. చిన్న సంఘమునకు రెండు జీతముల భారము మోయుట కష్టము గావున, ఈ వ్యయము డయోసిసు భరింపవలెను.

ఇక పాస్టరు దినముల విషయము. మొదటి కొన్ని వారములు ఏ పుస్తకమును ముట్టక నిద్రించుట మేలు. మార్టిన్ చేయక విడిచినది అదియే. పిదప ఒక్కటే విషయము, ఒక్కటే గ్రంథాలయము. పది దేశములు చుట్టి ఫోటోలు తెచ్చుకొనుటను అధ్యయనమనుట మాకు సమ్మతము కాదు. బొల్లారపు పాస్టరునకు ఉర్దూ నేర్చుకొనుట జెరూసలేము యాత్రకంటె నుపయోగము కావచ్చును. ఆయన యింటి ప్రక్కనున్నవారి భాష అది. భార్యాబిడ్డలకు కొన్ని సాయంకాలములు దక్కవలెను. సంఘస్థులు ఆ కాలమున ఆయన తలుపు తట్టరాదు. ఇది అన్నిటికంటె కఠినమైన షరతు, ఇరుపక్షములకును. కావున సెలవు మొదలగుటకు నెలరోజుల ముందే, బదులు వచ్చు గురువును ఆదివారము సంఘము నెదుట నిలిపి, గ్రామగ్రామమునకు వెంట తీసికొనిపోయి, రోగుల యిండ్లు చూపింపవలెను.