వార్తల్లో పదం: బహుళ పొరల ప్లాస్టిక్

చిప్స్ ప్యాకెట్, కాఫీ పొడి కవరు చూడ్డానికి ఒకే రేకు. నిజానికి అవి కొన్ని పొరల అతుకు. అచ్చు నిలవడానికి పైన పాలిస్టర్, గాలీ తేమా చొరబడకుండా మధ్యలో అల్యూమినియం పూత, వేడికి అంటుకుని సీలు పడటానికి లోపల పాలిథిన్. చిప్స్ నెలల తరబడి కరకరలాడేది ఈ అతుకు పుణ్యమే. చిక్కూ అక్కడే ఉంది. పాలిథిన్ 110-130 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, పాలిస్టర్‌కు సుమారు 250 కావాలి. కలిపి కరిగించినా ఒకదానిలో ఒకటి ఇమడవు. నాసిరకం ముద్ద మిగులుతుంది. అందుకే చిత్తు ఏరేవాళ్లు నీళ్ల సీసా తీసుకుని ఈ కవర్లను వదిలేస్తారు. తూకానికి రావు, ధరా పలకవు.

మన దేశంలో ప్లాస్టిక్ ప్యాకింగ్‌పై 2022 నాటి మార్గదర్శకాలు వీటిని మూడో కేటగిరీలో చేర్చాయి. 2024-25లో 30 శాతం, 2027-28కి 60 శాతం రీసైక్లింగ్ లక్ష్యం. బాధ్యత ప్యాకింగ్ తయారుచేసే, దిగుమతి చేసుకునే, వాడే కంపెనీలది. రీసైక్లింగ్‌కు బదులు ఈ కవర్లను సిమెంటు బట్టీలో మండిస్తే వేడి దక్కుతుంది, ప్లాస్టిక్ మాత్రం తిరిగి రాదు. అలా మండించడాన్ని, వాడిన వస్తువునే మళ్లీ వాడుకునే వర్తుల ఆర్థిక వ్యవస్థ అనలేం.

పొరలను విడదీసే దారులూ ఉన్నాయి. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ‘స్ట్రాప్’ పద్ధతిని ప్రకటించారు. ఒక్కో ద్రావణి ఒక్కో పొరనే కరిగిస్తుంది, తర్వాత ఆ ప్లాస్టిక్‌ను ఘనరూపంలో వేరుచేస్తారు. ముచ్చటైన రసాయనశాస్త్రమే, కానీ ద్రావణులను మళ్లీ మళ్లీ శుద్ధిచేసి వాడుకోవాలి. అంతకన్నా కవరంతా ఒకే జాతి ప్లాస్టిక్‌తో తయారుచేయడం తేలిక. కొన్ని కంపెనీలు ఇప్పటికే అటు మళ్లాయి.