ఎగురని వ్యోమవిమానము – నేర్పిన పాఠము

తుఫాను రాకను ముందుగా పసిగట్టుటలో ఉపగ్రహములు చేయు మేలును పంచాయతీ సభ్యులు ఎరుగుదురు. అయితే ఉపగ్రహమును పైకి చేర్చుటకు అగు వ్యయము అపారము. దానిని మోసుకొనిపోవు రాకెట్టు సాధారణముగా ఒక్కసారికే పనికివచ్చును. ధాన్యమును బస్తీకి చేర్చిన బండిని అచ్చటనే తగులబెట్టి వచ్చుట వంటిది ఈ పద్ధతి.

ఈ వ్యయమును తగ్గింపనెంచి అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా, 1996లో లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీతో కలిసి ఒక పథకమును చేపట్టెను. నిలువుగా పైకి లేచి, విమానమువలె నేలపై దిగి, మరల మరల ఎగురగల వాహనమును నిర్మించుట దాని ఆశయము. పౌను బరువునకు 10,000 డాలర్లగు ఖర్చును 1,000 డాలర్లకు దింపవలెనని తలంచిరి. ముందుగా ఎక్స్-33 అను చిన్న నమూనాను కట్టనారంభించిరి.

ఏ భాగమును దారిలో విడువక వాహనమంతయు పోయి రావలెనన్న, అది మిక్కిలి తేలికగా నుండవలెను. అందుచే ఇంధనపు తొట్టెను లోహముతో గాక, తేనెపట్టు వంటి గూళ్లకు ఇరువైపుల కార్బన్ నార పలకలను అతికించి చేసిరి. అందు నింపవలసిన ద్రవ హైడ్రోజన్ సున్నకు దిగువ 253 డిగ్రీల చల్లదనము గలది. 1999 నవంబరులో పరీక్ష జరుపగా, లోపలి పలకలో సన్నని పగుళ్లేర్పడి హైడ్రోజన్ గూళ్లలోనికి దిగెను. తొట్టెను ఖాళీ చేసిన పిమ్మట అది వెచ్చనై ఉబ్బగా, వెలుపలి పలక ఊడిపోయెను.

అప్పటికే కాలిఫోర్నియాలో ప్రయోగవేదిక సిద్ధమై యున్నది. అల్యూమినియం తొట్టెను అమర్చుటకు యోచించిరి గాని, అదనపు ధనమిచ్చుటకు నాసా సమ్మతింపలేదు. 2001 మార్చి 1న పథకము రద్దయినట్లు ప్రకటించిరి. 90 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనము వ్యయమైనను, ఆ విమానము ఒక్కసారియు ఎగురలేదు.

ఆశయము మాత్రము వమ్ము కాలేదు. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ కంపెనీ తన రాకెట్టు మొదటి అంచెను నేలకు దింపెను. 2017లో అట్టి అంచె మరల ఎగిరెను. మన శ్రీహరికోట నుండియు 2016 మే 23న ఇస్రో రెక్కలుగల నమూనాను ప్రయోగించెను.

ఇందలి పాఠమును సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము. బోరులో నీరు చాలునో లేదో తేల్చుకొనక ముందే నీళ్లట్యాంకు కట్టిన పంచాయతీకిని ఇదియే గతి. పనికి ఆయువుపట్టైన భాగమును మొదట పరీక్షింపవలెను. లోపము బయటపడిన తరువాత, ‘ఇంత ఖర్చు చేసితిమి గదా’ యని మరింత ధనము పోయరాదు. లెక్క చూచి నిలుపుటయు బాధ్యతయే. అంచనాలను ఆమోదించు నాడు ఈ ప్రశ్న వేయుడు: ‘ఈ పని దేనిపై ఆధారపడి యున్నది? దానిని పరీక్షించితిమా?’