పాటకు పట్టము గట్టిన పట్టణము

న్యూజిలాండు దక్షిణ ద్వీపమున, సముద్రపు పాయ యొకటి భూమిలోనికి దూరముగా చొచ్చుకొనివచ్చి ఆగినచోట, కొండల నడుమ ఒదిగియున్న డునెడిన్ నగరమునకు ఆ దేశపు గేయచరిత్రలో తన జనసంఖ్యను మించిన స్థానము కలదు. 1848లో జాన్ విక్లిఫ్, ఫిలిప్ లయింగ్ అను రెండు ఓడలలో వచ్చిన స్కాట్లాండు వలసవారు దీనిని స్థాపించిరి. వారి మతాచార్యుడైన థామస్ బర్న్స్, స్కాట్లాండు గేయకవి రాబర్ట్ బర్న్స్‌కు సోదరపుత్రుడు. నగరమధ్యమున అష్టకోణాకృతిలోనున్న కూడలియందు ఆ కవి విగ్రహము 1887 నుండి ఆసీనమై యున్నది. పాట కట్టినవానికి ఊరి నడిబొడ్డున పీఠమువేసిన ఈ పట్టణమే, పాటకు బహుమతి యెట్లియ్యవలెనో, ఎవరు నిర్ణయింపవలెనో, ఎవరి చేతికియ్యవలెనో ఆ దేశమునకు తొలిదినములలోనే చూపినది.

నేడు సంగీత పురస్కారమనగానే మన కన్నులకు గట్టునది టెలివిజను తెరపై మిరుమిట్లు గొలుపు వేదిక. ఆ ఉత్సవనిర్వహణమున స్పానిష్ భాషవారు ఆరితేరినవారు. అమెరికాలోని యూనివిజన్ అను స్పానిష్ టెలివిజను సంస్థ 1989లో మయామి నగరమున ‘ప్రెమియో లో నుయెస్ట్రో’ అను వార్షికోత్సవమును నెలకొల్పినది. అందుచేత, వీధిలో ఆంగ్లమును ఇంటిలో స్పానిష్‌ను మాటలాడుకొను కోట్లాది ప్రజలకు, తమ పాటలను తామే పండుగగా చేసికొను రాత్రి యొకటి సమకూరినది. 2000 సెప్టెంబరు 13న లాస్ ఏంజిలిస్‌లో లాటిన్ గ్రామీ పురస్కారముల ప్రథమోత్సవము జరుగగా, ఆంగ్ల ప్రసార సంస్థయైన సీబీఎస్‌యే దానిని దేశమంతటికిని చూపినది. మరుసటియేటి ఉత్సవము సెప్టెంబరు 11ననే జరుగవలసియుండి, ఆనాటి ఘోరమువలన రద్దయినది. తరువాత 2005 నుండి దాని ప్రసారము యూనివిజన్ చేతికి వచ్చినది. లూయిస్ ఫోన్సీ పాడిన ‘డెస్పాసీటో’ ప్రపంచమును చుట్టివచ్చిన 2017లో నాలుగు లాటిన్ గ్రామీలు దానికే దక్కినవి. ఈ రెండు ఉత్సవములకును ముఖ్యమైన భేదమొకటి కలదు: మొదటిది క్రమముగా ప్రేక్షకుల ఓటుపై నడచుచు వచ్చినది, రెండవదానిని సంగీతకారులే సభ్యులుగాగల అకాడమీవారు తమ ఓట్లతో తేల్చుదురు. ప్రజల మెప్పును తక్కువచేసి మాటలాడుట నా యభిమతము గాదు. అయినను, ఆ పని తెలిసినవాడు ఆ పని చేసినవానిని మెచ్చుకొనుటలో వేరొక గౌరవమున్నదని నా విశ్వాసము. డునెడిన్ కథ నాకు ప్రీతిపాత్రమగుటకు కారణమిదియే.

ఆ కథ 1876లో మొదలగుచున్నది. ఐర్లండులో పుట్టి డునెడిన్‌లో పత్రికాసంపాదకుడైన థామస్ బ్రాకెన్ అను కవి, న్యూజిలాండును రక్షింపుమని దైవమును వేడుచు ఒక గీతమును రచించి, దానికి స్వరము కూర్చినవారిలో ఉత్తమునికి పది గినీల బహుమతి యిత్తుమని, ఆ యేడు జూలై మొదటి తేదీన ‘సాటర్‌డే అడ్వర్టైజర్’ అను తన వారపత్రికలో ప్రకటించెను. వచ్చిన స్వరరచనలను ఊరిలోని పెద్దలకు అప్పగింపక, సముద్రమునకావలనున్న మెల్‌బోర్న్ నగరమునకు పంపి, అచ్చటి జర్మను సంగీతజ్ఞులు మువ్వురిని న్యాయనిర్ణేతలుగా నియమించిరి. పంపినవాడు ఎవరి బంధువో, ఎవరి మిత్రుడో తెలిసికొనుటకు వీలులేని ఆ యేర్పాటులో, మువ్వురును వేరువేరుగా పరిశీలించి, ‘ఆర్ఫియస్’ అను మారుపేరుతో వచ్చిన ఒక్క రచననే ఎన్నుకొనిరి. ఆ పేరు వెనుకనున్నవాడు ఒటాగో బంగారుగనుల ప్రాంతమందలి లారెన్స్ అను చిన్న ఊరిలో బడిపంతులుగా నున్న జాన్ జోసెఫ్ వుడ్స్. గుఱ్ఱపుబండిలో వచ్చిన పత్రికను చూచిన ఆ సాయంకాలముననే కూర్చుండి, లేవకుండ స్వరము ముగించెనట! ఆ సంవత్సరము క్రిస్మసు రాత్రి, డునెడిన్‌లోని క్వీన్స్ థియేటరులో ఆ గీతము మొట్టమొదట జనసమక్షమున వినబడెను. దీపముల తోరణములు లేవు, తెరలు లేవు. అయినను ఆనాడు బహుమతి పొందిన ఆ పాటయే 1940లో ఆ దేశపు జాతీయ స్తోత్రమై, 1977లో బ్రిటిషు గీతముతో సమానహోదాగల జాతీయగీతమైనది.

ఆ గీతము రెండవ భాషలోనికి ప్రవేశించిన తీరు మరింత మనోహరముగా నున్నది. 1878లో, నాటి ప్రధానామాత్యుడు సర్ జార్జ్ గ్రే కోరగా, టి. హెచ్. స్మిత్ అను న్యాయాధికారి దానిని మావోరీ భాషలోనికి తెచ్చెను. ఆ రూపము నూరేండ్లకు పైగా పెద్దవేదికల కెక్కక యుండి, 1999లో లండనునందలి ట్వికెన్‌హామ్ మైదానమున, ప్రపంచ రగ్బీ పోటీలో న్యూజిలాండు జట్టు ఇంగ్లండుతో తలపడుటకు ముందు, హినెవెహి మోహి అను గాయని గీతమును మావోరీలో మాత్రమే ఆలపించుటతో లోకమునకు వినవచ్చెను. స్వదేశమున ఆమెపై విమర్శలు వర్షించినవి. కాని ఆ విమర్శల వేడి చల్లారిన పిమ్మట, మొదట మావోరీలో, ఆ వెంటనే ఆంగ్లములో పాడుట దేశాచారమై నిలిచినది. ఆమెయే 2019లో, ప్రసిద్ధులైన గాయకులచేత వారి వారి పాటలనే మావోరీలో పాడించి ‘వయాటా / ఆంథమ్స్’ అను సంపుటమును వెలువరించినది. 1987లో అధికారభాషయైన మావోరీకి ఆధునిక గేయములలో ఒక పురస్కారముకూడ ఉండవలెనని 2003 నుండి ‘మయోహా’ బహుమతి యియ్యబడుచున్నది. స్పానిష్‌వారి వార్షికోత్సవములకును దీనికిని ధనమునందును ఆడంబరమునందును పోలిక లేదు. పెద్దభాష నీడలో పెరుగు భాషకు తనదైన పీఠము వేయవలెనను తలంపు మాత్రము ఒక్కటే.

మయోహా నిచ్చునది ఏప్రా అను గేయకర్తల హక్కుల సంస్థ. ఆ సంస్థవారు 1965లో ‘సిల్వర్ స్క్రోల్’ అను పురస్కారమును స్థాపించిరి. అదే యేట లాక్సీన్ అను షాంపూ పేర ‘గోల్డెన్ డిస్క్’ బహుమతియు మొదలై, మొదటిసారి రే కొలంబస్, ఇన్వేడర్స్ బృందమునకు దక్కినది. నేడు ‘ఆవుటేరోవా మ్యూజిక్ అవార్డ్స్’ అనబడు ఉత్సవమునకు పూర్వరూపమదియే. గోల్డెన్ డిస్క్ రికార్డునకు బహుమతి. సిల్వర్ స్క్రోల్ పాటకు బహుమతి. పాడిన కంఠమునకుగాని, అమ్ముడుపోయిన ప్రతులకుగాని కాక, పదములను స్వరములను కూర్చినవానికే అది చెందును. నిర్ణయించువారును తోటి గేయకర్తలే. ఉత్సవరాత్రి ఆచారము మరియొకటి మిక్కిలి ప్రశంసనీయము: తుదిజాబితాకెక్కిన పాటలను వాని మొదటి గాయకులు పాడరు, ఇతరులు వానిని తమ బాణీలోనికి మార్చి వినిపింతురు. కంఠము మారినను, వాద్యములు మారినను, పాటలో సత్తువ యున్నచో అది నిలుచును. లేనిచో అందరియెదుట తేలిపోవును.

ఈ ఉత్సవము 2017 సెప్టెంబరు 28న, 1930లో ప్రారంభమైన డునెడిన్ టౌన్ హాలులో జరిగినది. ఆ రాత్రి ‘గ్రీన్ లైట్’ పాటకై లార్డ్ అను గాయనిని స్క్రోల్ వరించినది. 2013లో ‘రాయల్స్’ పాటకును అది ఆమెకే దక్కియుండెను. కాని డునెడిన్ వారి గుండెలు ఉప్పొంగినది, ‘ది క్లీన్’ అను తమయూరి బృందమును న్యూజిలాండు సంగీతకీర్తిమందిరమున చేర్చుకొన్న క్షణమునననుటలో సందేహము లేదు.

ఆ బృందము పుట్టుక తెలిసికొనదగినది. 1978లో హామిష్, డేవిడ్ కిల్గోర్ అను అన్నదమ్ములు పీటర్ గట్టరిడ్జ్‌తో కలిసి దానిని కట్టిరి. తరువాత రాబర్ట్ స్కాట్ వచ్చి చేరెను. రాజధానికి, ఆక్లండు రికార్డింగు సంస్థలకు దూరమైన ఊరు. విశ్వవిద్యాలయమునకు వచ్చిన కుఱ్ఱవాండ్రు తక్కువ అద్దెకు దొరకు, చలికి వణకించు పాతయిండ్లలో కాపురము. ఏ సంస్థయు తమను పిలువదని ముందే తెలిసియుండుటచేత, ఎవరినో మెప్పింపవలెనను చింత లేని స్వేచ్ఛ. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల దుకాణము నడుపుచుండిన రోజర్ షెపర్డ్ 1981లో ‘ఫ్లయింగ్ నన్’ సంస్థను స్థాపించి, సుమారు 50 డాలర్ల వ్యయముతో ముద్రితమైన వారి ‘టాలీ హో!’ పాటను వెలువరింపగా, అది దేశపు జాబితాలో 19వ స్థానమున కెగబ్రాకినది. ఆ యేటనే క్రిస్ నాక్స్, డగ్ హుడ్ అనువారు నాలుగు ట్రాకుల చిన్న టేపు యంత్రముపై క్లీన్ బృందమువారి ‘బూడిల్ బూడిల్ బూడిల్’ పాటలను ముద్రించిరి. 1982లో చిల్స్, వెర్లెయిన్స్, స్నీకీ ఫీలింగ్స్, స్టోన్స్ అను నాలుగు బృందముల పాటలతో ‘డునెడిన్ డబుల్’ వెలువడినది; ‘డునెడిన్ సౌండ్’ అను పేరు అమెరికాదాక పాకి, పేవ్‌మెంట్, యో లా టెంగో వంటి బృందములు ఆ నాదమునకు తాము ఋణపడితిమని చెప్పుకొనునంతటి గౌరవమార్జించినది. వెర్లెయిన్స్ నాయకుడు గ్రేమ్ డౌన్స్, స్వరకర్త మాలర్ సంగీతముపై పరిశోధన చేసి, ఒటాగో విశ్వవిద్యాలయములో ఆచార్యత్వము నెరపెను. చిల్స్ ప్రాణమైన మార్టిన్ ఫిలిప్స్ 2024లో, పీటర్ గట్టరిడ్జ్ 2014లో, హామిష్ కిల్గోర్ 2022లో గతించిరి. గట్టరిడ్జ్ కన్నుమూసిన మూడేండ్లకు వచ్చినది ఆ కీర్తిమందిర గౌరవము. ఇట్టివి ఆలస్యమయినకొలది అందుకొనవలసినవారు తగ్గిపోవుదురు.

ఇక మన సంగతి. 1964 నుండి నంది పురస్కారములను చూచినవారము. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రగీతమునకు శ్రీశ్రీ జాతీయ పురస్కారమందుకొనగా పొంగినవారము. 2023లో ‘నాటు నాటు’ పాటకు ఆస్కారును స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్ అందుకొనుటను తెల్లవాఱుజామున మేల్కొని చూచినవారము. ఆ బహుమతి కవికిని స్వరకర్తకును చెందినదన్న విషయము మాత్రము మన టెలివిజను వేదికలపై నిలువలేదు. కథానాయకుని నృత్యము చూపుదురు, గాయకుని పేరు వేయుదురు, పదము కూర్చినవాని పేరు తెరపై కానరాదు. ప్రవాసాంధ్ర సంఘములవారు ఏటేట ఉగాదికి సినిమాపాటల పోటీ పెట్టుచున్నారు; సంతోషమే. వారిని నేను కోరునది యిది: ఆ వేదికపైననే క్రొత్తగా వ్రాసి స్వరపరచిన తెలుగు పాట కొక బహుమతి యేర్పరచి, పేర్లు దాచిన ప్రతులను తమ ఊరికి సంబంధములేని కవులకును సంగీతజ్ఞులకును పంపి నిర్ణయము చేయింపుడు. టెలివిజనువారిని కోరునదియు నొక్కటియే: పాట ప్రసారమైన ప్రతిసారియు, గాయకుని పేరుతోబాటు రచయిత పేరును స్వరకర్త పేరును తెరపై వేయుడు.