మోటోక్రాస్: వేడుక నుండి వృత్తికి

అమెరికా దేశమున టెన్నెస్సీ రాష్ట్రములో హరికేన్ మిల్స్ అను చిన్న ఊరు కలదు. అది నాష్‌విల్ నగరమునకు పడమటగా సుమారు 70 మైళ్ల దూరమున నున్నది. కంట్రీ సంగీతమున పేరొందిన గాయని లొరెట్టా లిన్ 1966లో అచట భూములు కొని నివాసము ఏర్పరచుకొనెను. ఆమె 2022లో కాలధర్మము చెందెను. ఏటేట జూలై నెల చివరనో, ఆగస్టు మొదటనో ఆమె పొలమున ఒక వారము పాటు తిరునాళ్ల సందడి కనిపించును. బారులు తీరిన బండ్లు, గుడారములు, వంటపొయ్యిలు, బిడ్డల కేకలు, ఇంజనుల రొద. వచ్చినవారు పాట వినుటకు వచ్చినవారు కారు. మోటోక్రాస్ అను మోటారు సైకిలు పందెమున ఔత్సాహికుల జాతీయ విజేత ఎవరో తేల్చుకొనుటకు వచ్చినవారు. ఈ పోటీ 1982 నుండి అచట జరుగుచున్నది.

ఆ గుంపులో ఏబది యేండ్లు దాటిన పెద్దలు ఉందురు. నాలుగేండ్ల పసివారును ఉందురు. పెద్దలకు అది వేడుక. పదునాలుగు, పదునైదేండ్ల బాలురలో పెక్కుమందికి అది వేడుక కాదు, పరీక్ష. ఈ ఆటనే బ్రతుకుతెరువుగా చేసుకొనవలెనను కోరిక వారిది. ఆ కోరిక ఎట్లు పుట్టును, దానికి మార్గమేమి, మూల్యమెంత అను విషయములను నేడు కొంత విచారింతము.

మొదట ఈ పందెము స్వరూపమును చెప్పవలెను. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ వద్ద కొందరు యువకులు బాటలేని గుట్టలలో, బురదలో మోటారు సైకిళ్లను పరుగెత్తించిరి. దానికి వారు ‘స్క్రాంబుల్’ అని పేరిడిరి. ఫ్రెంచివారు దానిని అభిమానించి మోటోక్రాస్ అనిరి. ఆ పేరే లోకమున నిలిచినది. 1957 నుండి ప్రపంచ విజేత బిరుదుకై పోటీలు జరుగుచున్నవి. 1966లో ఎడిసన్ డై అను వర్తకుడు స్వీడన్ దేశపు విజేతయైన టోర్స్టెన్ హాల్మన్‌ను అమెరికాకు రప్పించి ఈ విద్యను అచటివారికి చూపించెను. ఆరేండ్లలో, అనగా 1972 నాటికి, ఆ దేశమున జాతీయ పోటీలు ఏర్పడినవి. ఆ యేడే లాస్ ఏంజెలిస్ క్రీడామైదానములో మన్ను పోసి, దిబ్బలు కట్టి, వేలాది ప్రేక్షకుల యెదుట పందెము నడిపిరి. నేటి సూపర్‌క్రాస్‌కు అదియే నాంది.

పందెము మొదలగు తీరు చూడదగినది. నలుబది మంది ఒకే వరుసలో నిలుతురు. ప్రతి బండి ముందును ఒక ఇనుప కమ్మీ అడ్డుగా నుండును. అది ముందుకు గాక పందెగాని వైపునకే వాలును. తొందరపడి చక్రమును దానికి ఆనించినవానికి అది చక్కగా వాలదు, వాడు వెనుకబడును. కమ్మీలు వాలిన కొన్ని క్షణములలో ఆ నలుబది బండ్లును ఒకే మలుపులో దూరవలెను. అక్కడ ముందున్నవానికి బాట కనిపించును. వెనుకనున్నవానికి కనిపించునది మన్నే. ముందరి చక్రములు ఎగజిమ్మిన మన్ను రాళ్లవలె తగులును.

ఆసనము మీద కూర్చుండి తిరుగు ఆట యిది కాదు. చాలవరకు పాదముల మీద నిలిచి, నూరు కిలోల పైబడిన యంత్రమును మోకాళ్లతో బిగించి, గాలిలోనికి లేచినపుడు శరీరముతో దానిని సరిదిద్దవలెను. పందెమున్నంతసేపును గుండె తన గరిష్ఠ వేగములో నూటికి 90 పాళ్లకు పైగా కొట్టుకొనునని శరీరశాస్త్ర పరిశీలనలలో తేలినది. ముంజేతి కండరములు బిగిసికొనిపోయి వ్రేళ్లు పట్టు తప్పుట సాధారణము. కనుక బండి నడుపుట ఎంత ముఖ్యమో, పరుగు, సైకిలు త్రొక్కుట, నిద్ర, ఆహార నియమము అంత ముఖ్యము.

ఇక ఔత్సాహికుడు ఎక్కవలసిన మెట్లు. వయస్సును బట్టియు, ఇంజను పరిమాణమును బట్టియు తరగతులు కలవు. నాలుగేండ్ల బిడ్డ 50 సీసీ బండితో మొదలుపెట్టును. పిదప 65, ఆ పిదప 85, యౌవనమున 125, 250, చివరకు 450. నేర్పును బట్టి మరల సి, బి, ఎ అను మూడంతస్తులు. ‘ఎ’ అన్నది వృత్తికి దగ్గరి మెట్టు. వసంత ఋతువులో ప్రాంతీయ పోటీలు రెండంచెలుగా జరుగును. వానిలో ముందు నిలిచినవారికే హరికేన్ మిల్స్ పిలుపు వచ్చును. ఏటేట ఇరువది వేలకు పైగా ప్రయత్నింతురనియు, అన్ని తరగతులను కలిపి అచట చోటు దొరకునది సుమారు 1,500 మందికేననియు నిర్వాహకులు చెప్పుదురు. ఒక్కొక్క తరగతికి 42 మంది. వారమునందు మూడు పందెములు. ఆ మూడింటి స్థానములను కలిపి విజేతను నిర్ణయింతురు. ఒక్క పందెము గెలిచి తక్కిన రెంటిలో పడినవానికి బిరుదు లేదు. అదృష్టమును కాక నిలకడను కొలుచుటకే ఈ ఏర్పాటు.

బండ్ల కంపెనీల వారు అచట చుట్టుప్రక్కల నిలిచి గమనించుచుందురు. మెచ్చినవానికి బండ్లు, విడిభాగములు, కొంత ప్రోత్సాహధనము ఇత్తురు. కవాసాకీ వారి ‘టీం గ్రీన్’ ఏర్పాటు ఇందుకు ప్రసిద్ధము. రికీ కార్మైకేల్, జేమ్స్ స్టీవర్ట్, రయన్ విల్లొపోటో బాల్యమున ఆ పచ్చని బండ్ల మీదనే పెరిగినవారు. కాని అట్టి ఆసరా దొరకువరకును భారము ఇంటిదే. బిడ్డ యెక్కు 50 సీసీ పందెపు బండి కూడ నాలుగు వేల డాలర్లు దాటును. 250 సీసీది తొమ్మిది వేల ప్రాంతము. బండి కొన్నంతమాత్రమున సరిపోదు. టైర్లు కొలది దినములలో అరుగును. ఇంజనులోని పిస్టను ఎన్ని మైళ్లు నడిచినదని కాక, ఎన్ని గంటలు నడిచినదని లెక్కవేసి మార్తురు. వారాంతమున వందల మైళ్ల ప్రయాణము. దానికి పెద్ద బండి, పెట్రోలు, ప్రవేశరుసుము, వైద్యము. తండ్రి మెకానిక్కుగను, తల్లి వంటకత్తెగను, లెక్కలు చూచు గుమాస్తాగను మారుట అచట సామాన్య దృశ్యము.

ధనముకన్న పెద్ద ప్రశ్న చదువు. చలికాలమున సాధన సాగవలెనన్నచో వెచ్చని తావు కావలెను. అందువలన జార్జియా, ఫ్లోరిడా, దక్షిణ కెరొలైనా రాష్ట్రములలో శిక్షణ క్షేత్రములు వెలసినవి. బాలురు నెలల తరబడి అచటనే ఉందురు. బడి మాని ఇంటి వద్ద చదువు, లేదా దూరవిద్య పెక్కుమంది మార్గమైనది. పగలంతయు బండి మీద, జిమ్ములో గడపిన బాలుడు రాత్రి పుస్తకము ముందు ఎంతసేపు మేలుకొనగలడు? ఈ ప్రశ్నకు ప్రతి కుటుంబమును తన సమాధానము తాను వెదకుకొనుచున్నది.

పదునారేండ్లు నిండినపిదప వృత్తి అనుమతి పత్రమునకు అర్హత కలుగును. తగిన పోటీలలో తగినన్ని మార్కులు గడించినగాని అది చేతికి రాదు. వచ్చినంత మాత్రమున స్థానము దొరకదు. వేసవి జాతీయ పందెములందు ఉదయము కాలపరీక్ష జరుగును. అందు 36 మంది నేరుగా ఎంపికగుదురు. మిగిలినవారిలో మరి నలుగురికి తుది అవకాశ పందెము వలన చోటు. తక్కినవారు బండి ఎక్కించుకొని ఇంటిదారి పట్టవలసినదే. ఎంపికైనవారికి ముప్పది నిమిషములు, ఆపైన రెండు చుట్లు. అట్టి పందెములు దినమునకు రెండు. సూపర్‌క్రాస్ తుది పందెమున స్థానములు 22 మాత్రమే. కంపెనీల జీతము మీద ఆడువారు వీరిలో కొందరే. తక్కినవారు సొంత ఖర్చుతో తిరుగువారు; దిగువ స్థానమునకు వచ్చు బహుమతి డబ్బు చాలసార్లు దారిఖర్చుకే చాలదు. వృత్తి క్రీడాకారుడన్న పేరు వచ్చినను, వృత్తితో కూడు గుడ్డ జరుగుట వేరు.

గెలిచినవారి కథలు నిజముగా ఆకర్షణీయములు. కార్మైకేల్ 2002లోను, 2004లోను వేసవి జాతీయ పోటీలలో జరిగిన 24 పందెములకు 24 గెలిచెను. ఈలై టోమక్ 2010లో హాంగ్‌టౌన్‌లో తన మొట్టమొదటి వృత్తి పోటీలోనే విజేత యయ్యెను. ఆస్ట్రేలియాలో పుట్టిన జెట్ లారెన్స్‌ను, ఆయన అన్న హంటర్‌ను ఆ కుటుంబము ఉన్నది అమ్ముకొని మొదట ఐరోపాకును, పిదప అమెరికాకును కొనిపోయినది. 2023లో జెట్ 22 పందెములలో 22 గెలిచెను. జేమ్స్ స్టీవర్ట్ 2002లో జాతీయ బిరుదు గెలిచి, ఈ క్రీడలో అది సాధించిన తొలి నల్లజాతి యువకుడయ్యెను. పుట్టుచెవిటియైన ఆష్లీ ఫియొలెక్ ఇంజను చప్పుడు వినలేకున్నను, బండి ప్రకంపనను శరీరముతో గ్రహించి స్త్రీల జాతీయ బిరుదును నాలుగు మారులు గెలిచెను.

అయితే ఈ విజేతల ప్రక్కన మరొక పేరు తలచుకొనవలెను. 1972లో లాస్ ఏంజెలిస్ మైదానమున పెద్దల నందరిని ఓడించిన మార్టీ ట్రైప్స్ వయస్సు అప్పుడు పదునారేండ్లు. మరుసటి యేట కూడ ఆయనయే గెలిచెను. అంత ప్రతిభ కలవాడైనను జాతీయ బిరుదు ఆయనకు ఎన్నడును దక్కలేదు. దీనికి వ్యతిరేకముగ, కార్మైకేల్ 1999లో పెద్ద బండ్ల సూపర్‌క్రాస్‌లో మొదట తడబడెను. పిదప ఆల్డన్ బేకర్ అను శిక్షకుని వద్ద దేహసాధన పద్ధతిని మార్చుకొని 2001లో బిరుదు గెలిచెను. బాల్యపు గెలుపు భవిష్యత్తుకు హామీ కాదు. ఒక యేటి ఓటమి తీర్పు కాదు.

చివరకు శరీరము సంగతి. మెడయెముక, మణికట్టు, మోకాలు, భుజము. ఈ ఆటలో విరుగనివి అరుదు. డేవిడ్ బెయిలీ 1983లో అమెరికా సూపర్‌క్రాస్ విజేత. 1987 జనవరిలో, పోటీల ఋతువు ఆరంభమగు వేళ, కాలిఫోర్నియాలో పడి వెన్నెముక దెబ్బతిని నడక కోల్పోయెను. అప్పటికి ఆయనకు పాతికేండ్లు. ఆయన అక్కడితో ఆగక, 2000లో హవాయి ద్వీపమున జరుగు ఐరన్‌మాన్ పోటీలో చక్రపుకుర్చీ విభాగమున గెలిచెను. ఆ ధైర్యమునకు నమస్కరింతము. కాని ఆ ధైర్యము అవసరపడిన కారణమును మరువరాదు. శిరస్త్రాణము, మెడపట్టీ, గట్టి బూట్లు, వక్షఃకవచము దెబ్బను తగ్గించును గాని తొలగింపవు. ముఖ్యముగ తలకు తగిలిన దెబ్బ కంటికి కనిపించదు. తల తిరిగినది, జ్ఞాపకము తప్పినది అన్న బాలుని ఆ దినము మరల బండి ఎక్కనీయరాదు. వైద్యుడు ఒప్పుకొనువరకు పందెము మాట ఎత్తరాదు. జాతీయ పోటీ ఎల్లుండి యున్నను ఇదియే నియమము.

కావున ఈ మార్గమున బిడ్డను పంపు తలిదండ్రులు మూడు మాటలు ముందుగానే నిశ్చయించుకొనవలెను. ఎంత ధనము వరకు, ఎన్ని సంవత్సరముల వరకు అన్నది మొదటిది. ఇల్లు తాకట్టు పెట్టిన పిదప ఆలోచించుట ఆలస్యము. ఏమి జరిగినను చదువు ఆగరాదన్నది రెండవది. మూడవది అన్నిటికన్న కఠినము: కోరిక ఎవరిది? తండ్రి తీరని ముచ్చటను కుమారుడు మోయుచున్నాడా, లేక తెల్లవారకముందే లేచి తానే బండి కడిగికొనుచున్నాడా? ‘ఇక చాలు’ అని బిడ్డ చెప్పిన దినమున కోపపడక వినగల ఇంటిలో పెరిగినవానికి, ఆ మాట చెప్పవలసిన అవసరము తరచు రాదు.

పందెము మానినవాని జీవితము అంతటితో ముగియదు. బెల్జియమునకు చెందిన రోజర్ డి కోస్టర్ 500 సీసీ ప్రపంచ బిరుదు అయిదుమారులు గెలిచి, పిదప దశాబ్దముల పాటు జట్ల నిర్వాహకుడై ఎందరినో విజేతలను తీర్చెను. ఇంజను విప్పి కట్టుట, స్ప్రింగులను నేల కనుగుణముగ సరిచేయుట, పిల్లలకు నేర్పుట, వ్యాఖ్యానము చెప్పుట, ఇవన్నియు ఈ విద్య నుండి పుట్టిన వృత్తులే. నలుబది మంది వరుసలో నిలిచిన చోట మొదటి మలుపును ముందుగా చేరువాడు ఒక్కడే. మిగిలిన ముప్పది తొమ్మిది మందికి కూడ సాయంకాలము క్షేమముగ ఇల్లు చేరు దారి ఉండవలెను. ఆ దారిని ముందుగా సిద్ధపరచి, ఆ పిదప బిడ్డను పందెమునకు పంపుట పెద్దల విధి.