ఇద్దరి కోసం రెండు రోజులు: మైసూరు

చాముండి కొండకు మెట్లు సుమారు వేయి. వాటిలో మూడువందలైనా ఎక్కామో లేదో, నా భార్య ఒక పక్కగా ఉన్న రాతిగట్టు మీద కూర్చుండిపోయింది. నా చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో పదకొండు స్థలాల పేర్లూ, ఒక్కొక్కదానికి కేటాయించిన సమయమూ వరుసగా వ్రాసి ఉన్నాయి. కొండకు నేనిచ్చిన గడువు గంటన్నర.

"లే, ఆలస్యమవుతోంది" అన్నాను.

"మీరు వెళ్ళి రండి. నా మోకాళ్ళు లేవనివ్వడం లేదు" అన్నది.

"ఎప్పటినుంచి?"

"ఆరు నెలలయింది."

ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉంటూ, ఆమె నొప్పి సంగతి నేను పరాయి ఊరి మెట్ల మీద తెలుసుకున్నాను. అప్పటికి మాకు వివాహమై ఇరవైరెండు సంవత్సరాలు. బెంగుళూరులో ఉద్యోగం, పిల్లల చదువులు, పాల లెక్క, కరెంటు బిల్లు - మా సంభాషణ అంతా వీటి చుట్టూనే తిరుగుతూ ఉండేది. ఆ రెండు రోజులూ మాకోసమని ఎంతో కాలానికి సంపాదించుకున్నవి. వాటిని కూడా నేను ఆఫీసు ఫైళ్ళలాగానే ఒకటొకటిగా ముగించాలని బయలుదేరాను.

ఆ ప్రయాణంలో మేము తొమ్మిది స్థలాలు చూచాము. ఏది ఎలా ఉన్నదో ఇప్పుడు సరిగా జ్ఞాపకం లేదు. ఆదివారం సాయంకాలం నాలుగు గంటల వేళ స్టేషనుకు వెళుతుంటే ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "ఈరోజు ప్యాలెస్‌కు దీపాలు పెడతారు కదా! చూడకుండానే వెళ్ళిపోతున్నారా?" అని అడిగాడు. నా కాగితంలో ఆ మాట లేదు. దారి పొడుగునా మేమిద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

మరుసటి సంవత్సరం మళ్ళీ వెళ్ళాము. ఈసారి చూచినవి నాలుగు మాత్రమే. దంపతులిద్దరే కలిసి ఒక చారిత్రక నగరానికి వెళ్ళదలచుకున్నవారికి ఆ రెండవ ప్రయాణం నేర్పిన సంగతులు పనికివస్తాయని ఇది వ్రాస్తున్నాను.

సోమవారం ఉదయం వరకు ఉండండి

మైసూరు ప్యాలెస్‌ను ప్రతి ఆదివారమూ, ప్రభుత్వ సెలవు దినాలలోనూ రాత్రి ఏడు గంటలకు దీపాలతో అలంకరిస్తారు. సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. ముప్పావు గంట తరువాత ఆరిపోతాయి. శనివారం ఉదయం వచ్చి ఆదివారం మధ్యాహ్నం తిరిగిపోయేవారు నగరమంతా చూచి, దాని శిరోభూషణాన్ని చూడకుండా పోతారు. అందుచేత ఒక పూట సెలవు అదనంగా పెట్టి, సోమవారం ఉదయపు రైలుకు టికెట్టు తీసుకోవడం మేలు. బెంగుళూరుకు దూరం సుమారు 140 కిలోమీటర్లే. ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండవచ్చు.

దసరా పది రోజులూ ప్రతి రాత్రీ దీపాలుంటాయి, నిజమే. కాని అది లోకమంతా వచ్చే సమయం. గదులు దొరకడం కష్టం, దొరికినా అద్దె హెచ్చు. ప్రశాంతత కోరే ఇద్దరికి అది తగిన వేళ కాదు. బస ఊరి నడుమ ఉంటే చాలు. స్టేషనుకూ ప్యాలెస్‌కూ మధ్య దూరం సుమారు రెండు కిలోమీటర్లే కనుక ఎటు వెళ్ళాలన్నా ఆటో చాలు.

ఒక్కొక్కరు ఒక్కొక్కటి

రెండవసారి బయలుదేరే ముందు మేము ఒక నియమం పెట్టుకున్నాము. తప్పక చూడాలనుకున్న స్థలం ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి. మూడవది ఇద్దరికీ సమ్మతమైనది. ఆపైన ఏదైనా చూస్తే చూచినట్టు, లేకపోతే లేనట్టు.

నేను ప్యాలెస్ అన్నాను. ఆమె కోరినది చాముండి కొండ. నాకు ఆశ్చర్యం కలిగింది. "సగంలో ఆగిపోయానుగా" అన్నది. ఈలోపల ఆమెను డాక్టరుకు చూపించాను. రోజూ కొద్దిసేపు వ్యాయామం చేస్తోంది. అయినా మెట్ల జోలికి పోకూడదని డాక్టరు చెప్పాడు.

మూడవదిగా జగన్మోహన ప్యాలెస్‌లోని చిత్రశాలను ఎంచుకున్నాము. శ్రీరంగపట్నం జాబితాలోంచి తొలగిపోయింది. అది 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1784లో నిర్మించిన టిప్పు సుల్తాను వేసవి విడిది దరియా దౌలత్, కావేరి ఒడ్డున రంగనాథస్వామి ఆలయం, 1799 మే 4న టిప్పు నేలకొరిగిన కోట - ఇవన్నీ ఒక పూర్తి దినాన్ని కోరేవి. చరిత్ర మీద మక్కువ గలవారు కొండకు బదులు దానినే ఎంచుకోవచ్చు. రెండూ చూడాలనుకుంటే మాత్రం ఏ ఒక్కటీ చూచినట్టుండదు.

శనివారం: చిత్రశాల, చెరువు

ఉదయం చేరగానే స్నానం, ఫలహారం, రెండు గంటల నిద్ర. మొదటి ప్రయాణంలో దీనిని నేను కాలహరణమని భావించి ఉండేవాణ్ణి.

జగన్మోహన ప్యాలెస్ 1861లో నిర్మితమైనది. తరువాత పాత రాజభవనం కాలిపోయినప్పుడు రాజకుటుంబం కొత్తది పూర్తయ్యేవరకు ఇక్కడే నివసించింది. లోపల రవివర్మ చిత్రాలు ఎన్నో ఉన్నాయి. కాని సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది దీపం పట్టుకున్న యువతి చిత్రం ముందు. చాలామంది దీనిని కూడా రవివర్మదే అనుకుంటారు. వేసినవారు ఎస్. ఎల్. హల్దంకర్. తన కుమార్తెను దీపంతో నిలబెట్టి, నీటిరంగులతో చిత్రించారు. కాంతి అంతా ఆమె వేళ్ళ సందుల నుంచి వస్తున్నట్టుంటుంది. నా భార్య ఆ చిత్రం ముందు ఎంతసేపు నిలుచున్నదో నేను గడియారం చూడలేదు.

సాయంకాలం కుక్కరహళ్ళి చెరువు గట్టు మీద నడిచాము. ఇది ఎవరి జాబితాలోనూ లేనిది. విశ్వవిద్యాలయం పక్కనే, చెట్ల నీడలో, నీటి పక్షుల మధ్య ఉన్న ఈ గట్టు మైసూరువాసులు నిత్యం నడిచే చోటు. నెమ్మదిగా నడుస్తూ, అలసినప్పుడల్లా కూర్చున్నాము. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయిన తరువాత ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో తలచుకుంటే భయమేస్తోందని ఆమె అక్కడ చెప్పింది. ఆ మాట నా మనసులోనూ చాలాకాలంగా ఉన్నదే. ఇంట్లో ఎందుకు చెప్పుకోలేకపోయామో తెలియదు.

ఆదివారం: కొండ, ప్యాలెస్

కొండపైకి సిటీ బస్సులు ఉన్నాయి. ఎండ ముదరక ముందే పైకి చేరి దర్శనం చేసుకోవడం మంచిది. కొండ వాలులో, మెట్లదారి పక్కన ఉన్న ఏకశిలా నందిని చూడటానికి వాహనాలు పోయే దారి కూడా ఉన్నది. 1659 నుండి 1673 వరకు పాలించిన దొడ్డ దేవరాజ ఒడయార్ కాలం నాటిది ఈ నంది. ఎత్తు సుమారు 5 మీటర్లు. మెడలోని గంటలను, హారాలను శిల్పి ఎంత ఓపికగా చెక్కాడో దగ్గరికి వెళితే తెలుస్తుంది. అక్కడి నుంచి దిగువకు పోయే మెట్లను చూపించి, "నేను కూర్చున్నది ఆ కిందే" అన్నది నా భార్య. ఇద్దరమూ నవ్వుకున్నాము.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని మూడు గంటలకు ప్యాలెస్‌కు వెళ్ళాము. లోనికి ప్రవేశం ఉదయం 10 నుండి సాయంకాలం 5-30 వరకే. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. రెండు గంటల వ్యవధి ఉంటే తొందర లేకుండా చూడవచ్చు.

ఈ భవనానికి వెనుక ఒక దుఃఖగాథ ఉంది. 1894లో మహారాజు చామరాజ ఒడయార్ కలకత్తాలో అకాలమరణం పొందారు. కుమారుడు పదేళ్ళవాడు. రాణి వాణీవిలాస సన్నిధాన రాజప్రతినిధిగా పాలన చేపట్టారు. 1897లో పెద్ద కుమార్తె జయలక్ష్మమ్మణ్ణి వివాహ సందర్భంలో కొయ్యతో కట్టిన పాత భవనం అగ్నికి ఆహుతి అయింది. భర్తను, ఇంటిని కోల్పోయిన ఆమె హెన్రీ ఇర్విన్ అనే వాస్తుశిల్పిని పిలిపించి కొత్త భవనానికి పూనుకున్నారు. 1912లో అది పూర్తయింది. నెమళ్ళ రంగుటద్దాలు పొదిగిన కల్యాణమంటపం పైకప్పు గ్లాస్గోలో తయారై వచ్చినది. దాని కింద నిలబడి ఈ కథ భార్యకు చెబుతుంటే, "ఆమెకు తోడు ఎవరున్నారో పాపం" అన్నది.

ఆరున్నరకే ఆవరణలో ఒక మూల చోటు చూసుకున్నాము. దారిలో కొన్న మూర మైసూరు మల్లెలు ఆమె జడలో ఉన్నాయి. చీకటి పడింది. ఏడు గంటలకు గోపురాలు, తోరణాలు, ద్వారాలు అన్నీ ఒక్క క్షణంలో బంగారు రేఖలై వెలిగాయి. వేలాది మంది ఒక్కసారిగా "ఆహా" అన్నారు. ఆమె నా చేయి పట్టుకున్నది. నలుగురిలో అలా పట్టుకోవడం ఆమెకు అలవాటు లేదు.

ముప్పావు గంట తరువాత దీపాలు ఆరిపోయాయి. జనం కదిలారు. మేము మాత్రం కావలివాడు వచ్చి చెప్పేవరకు లేవలేదు. మాకు తొందర లేదు. రైలు మరునాడు ఉదయం.